ఋతుచర్యయు, రైతు దేహబలమును

ఆయుర్వేదము రోగము వచ్చిన పిమ్మట చేయదగిన చికిత్సతోబాటు, ఆరోగ్యవంతుడు ఆరోగ్యవంతుడుగనే యుండుటకు నడచుకొనవలసిన తీరును గూడ విధించినది. ఈ భాగమునకు స్వస్థవృత్తమని పేరు. అందలి ఋతుచర్య యను ప్రకరణము సేద్యము చేయువారికి మిక్కిలి చేరువైనది. చరకసంహిత సూత్రస్థానమున 6వ అధ్యాయమును, సుశ్రుతసంహిత సూత్రస్థానమునందును 6వ అధ్యాయమును, వాగ్భటుని అష్టాంగహృదయ సూత్రస్థానమున 3వ అధ్యాయమును ఈ విషయమునకే వినియోగింపబడినవి. ఏ ఋతువునందు ఏమి తినవలెను, ఎట్టి నీరు త్రాగవలెను, ఎంత శ్రమ చేయవలెను, ఎప్పుడు నిద్రింపవలెను అను నిర్ణయమే ఋతుచర్య. దీనికి రుసుము చెల్లింపనక్కరలేదు, సీసాలు కొననక్కరలేదు. అందుచేతనే మన సంఘ సభ్యులకు దీనిని కొంత వివరముగా తెలుప నెంచితిమి.

అయితే ఈ అధ్యాయములను రైతు కంటితో చదివినచో ఒక చిక్కు వెంటనే గోచరించును. శాస్త్రము ఏ కాలమున మనుష్యునకు దేహబలము అడుగంటియుండునని చెప్పుచున్నదో, సరిగా ఆ కాలముననే రైతునకు దుక్కులును నాట్లును వచ్చిపడును. ఏ కాలమున శ్రమ మానుమని చెప్పుచున్నదో, ఆ కాలమున శ్రమ మానినచో ఏడాది గ్రాసము పోవును. వర్షర్తువున కాలినడకన సంచరింపరాదనియు, ధూపము వేసిన వస్త్రములు ధరింపవలెననియు వాగ్భటుడు విధించెను. మోకాలిలోతు బురదలో నడుము వంచి నాట్లు వేయు స్త్రీకి ఈ మాట నవ్వు పుట్టించినచో అది యామె తప్పుగాదు. గ్రంథకర్తలు చాలచోట్ల కలిగిన గృహస్థునే మనస్సునం దుంచుకొని వ్రాసిరి. అట్లని ఆ అధ్యాయములను మూసి పెట్టుటయు తగదు. వారు విధించిన ఆహారవిహారములలో కొన్ని మనకు పొసగకపోవచ్చును. ఆ విధులకు ఆధారముగా వారు చూపిన బలాబలముల విచారము మాత్రము మేడలో నున్నవానికంటె మడిలో నున్నవానికే ఎక్కువ పనికివచ్చును.

ఆదానము, విసర్గము

సంవత్సరమును శాస్త్రకారులు రెండు సగములు చేసిరి. శిశిర వసంత గ్రీష్మములు మూడును ఆదానకాలము. అప్పుడు సూర్యుడు నేలయందలి తడిని పీల్చినట్లే ప్రాణుల యందలి బలమును గూడ పీల్చుకొనును. వర్ష శరద్ధేమంతములు మూడును విసర్గకాలము. అప్పుడు తీసికొన్నది మరల ఈయబడును. కావున బలము శిశిరము మొదలుకొని తగ్గుచు వచ్చి, గ్రీష్మాంతమునను వర్షారంభమునను అత్యల్పముగా నుండును. శరత్తునందును వసంతమునందును మధ్యమము. హేమంతమునను శిశిరారంభమునను సంపూర్ణము. మన పనులను దీని ప్రక్కన పెట్టి చూడుడు. కోతలును నూర్పిళ్ళును బలమున్న కాలమున వచ్చుచున్నవి. వేసవి దుక్కి, చెరువుమట్టి తోలకము, గట్ల పని, తొలకరి విత్తనము, ఊడ్పులు బలము లేని కాలమున వచ్చుచున్నవి.

బలమునకు మూలము జఠరాగ్ని, అనగా తిన్నదానిని అరిగించు శక్తి. హేమంతమున చలిచే దేహపు వేడిమి లోననే నిలుచుటవలన అగ్ని మండుచుండును. అప్పుడు దానికి తగిన బరువైన ఆహారము వేయనిచో అది ధాతువులనే తినివేయునని చరకుడు చెప్పెను. వర్షర్తువున నేల ఆవిరిచేతను, ముసురుచేతను, చెడిన నీటిచేతను అగ్ని మందగించును. తడిసిన కట్టెలతో పొయ్యి ఎట్లు మండునో ఎరిగినవారికి ఈ మాట వివరింప నక్కరలేదు.

మరియొక సూత్రము గలదు. దోషము ఒక ఋతువున చేరి, మరియొక ఋతువున విజృంభించి, మూడవ ఋతువున శాంతించును. వాతము గ్రీష్మమున చేరును, వర్షలో ప్రకోపించును, శరత్తున అణగును. పిత్తము వర్షలో చేరి శరత్తున ప్రకోపించి హేమంతమున అణగును. కఫము చలికాలమున చేరి వసంతమున ప్రకోపించి గ్రీష్మమున అణగును. కలుపుగింజ వేసవి యంతయు కనబడక నేలలో పడియుండి తొలకరికి మొలచినట్లే. నేటి శారీరశాస్త్రము వాతపిత్తకఫములను ఈ రూపమున అంగీకరింపదు. అయినను రోగమునకు కారణమైనది రోగము కనబడుటకు ముందు ఋతువుననే వెదకవలెనను బుద్ధి చేనిపనిలోవలెనే దేహరక్షణలోను విలువగలది.

శ్రమకు గూడ వాగ్భటుడు కొలత పెట్టెను. బలవంతులై, నేయి నూనె గల భోజనము చేయువారు చలికాలమునను వసంతమునను తమ శక్తిలో సగము మేరకు వ్యాయామము చేయవచ్చును. తక్కిన ఋతువులలో ఇంకను తక్కువ చేయవలెను. సగము శక్తి వ్యయమైనదనుటకు గుర్తు సుశ్రుతుడు చెప్పెను: ఊపిరి నోటివెంట వచ్చుట. ఇది సాముగరిడీల వ్యాయామమునకు చెప్పినదైనను, గునపము పట్టినవానికి గూడ వర్తించును. నోటితో ఎగశ్వాస వచ్చుచున్న కూలివానిని ఇంకొక్క సాలు, ఇంకొక్క తట్ట అని తరుముట అతని మూలధనమును తీసి ఖర్చుపెట్టుటయే.

ఋతువును దేనినిబట్టి లెక్కింపవలెను?

పంచాంగమున చైత్ర వైశాఖములు వసంతమనియు, జ్యేష్ఠాషాఢములు గ్రీష్మమనియు ఉన్నది. మన దేశపు ఎండలు దీనికి లోబడవు. వైశాఖమున నెత్తి మాడుచుండగా వసంతచర్య చేయువాడు మోసపోవును. సుశ్రుతుడు ఈ లెక్కతోబాటు రెండవ లెక్కయు ఇచ్చియున్నాడు. అందు ఫాల్గుణ చైత్రములు వసంతము, వైశాఖ జ్యేష్ఠములు గ్రీష్మము, ఆషాఢ శ్రావణములు ప్రావృట్టు అనగా తొలకరి, భాద్రపదాశ్వయుజములు వర్షము. తెలుగునాటి వాతావరణమునకు ఈ రెండవ లెక్కయే చక్కగా సరిపోవుచున్నది.

మాసములు చంద్రుని ననుసరించునవి గనుక అధికమాసము వచ్చువరకు ఏటేట వెనుకకు జరుగుచుండును. అందుకే మన పెద్దలు విత్తుటకు మాసమును నమ్మక కార్తెను నమ్మిరి. కార్తె సూర్యుని నడకనుబట్టి వచ్చును. రోహిణి మే 25వ తేదీ ప్రాంతమునను, మృగశిర జూను 8వ తేదీ ప్రాంతమునను ప్రవేశించును. రోహిణిలో రోళ్ళు పగులునన్న సామెత గ్రీష్మలక్షణమును ఏ గ్రంథమునకును తీసిపోకుండ చెప్పుచున్నది. దేహమునకు గూడ కార్తెనే ప్రమాణముగా నుంచుకొనుట మేలు. నెల్లూరు మండలము వారికి పెద్దవానలు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియును గనుక, వారు వర్షర్తుచర్యను అప్పుడే పాటింపవలెను. ఋతువునకు దాని లక్షణము మిక్కుటమగుట, కొరవడుట, తారుమారగుట అను మూడును రోగకారణములని చరకుడు పరిగణించినాడు గదా. ఆకాశము చెప్పునదే ఋతువు.

ఋతువు మారునపుడు పోవుచున్న ఋతువు కడపటి 7 దినములును, వచ్చుచున్న ఋతువు మొదటి 7 దినములును ఋతుసంధి. ఈ 14 దినములలో పాత అలవాటును కొంచెముకొంచెముగా వదలుచు, క్రొత్తదానిని కొంచెముకొంచెముగా పట్టవలెను. ఎండలో కష్టించు పనివాని దేహము ఎండకు అలవాటుపడుటకు ఒకటి రెండు వారములు పట్టునని నేటి శాస్త్రజ్ఞులు నిర్ణయించియున్నారు. రెండు లెక్కలును ఇంచుమించుగా ఒకటియగుట గమనింపదగినది. వడదెబ్బ పెక్కుసార్లు పనికి క్రొత్తగా దిగినవానిని, జ్వరమునుండి లేచి వచ్చినవానిని, పట్నమునుండి సెలవులకు వచ్చి ఉత్సాహముతో పార పట్టిన పిల్లవానిని ముందుగా పట్టుకొనును. అట్టివారికి మొదటి దినములలో సగము పనియే ఈయవలెను.

వేసవి

2015వ సంవత్సరము మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వడదెబ్బకు వేయిమందికి పైగా మరణించిరి. వారిలో కూలిపనివారును, వృద్ధులును పెక్కుమంది. ఇది పాత గ్రంథములలోని ముచ్చట గాదు గనుక ఈ ఋతువుకడ కొంతసేపు నిలువవలెను.

గ్రీష్మమున మధురమును, చల్లనిదియు, ద్రవమునైన ఆహారము తినవలెనని ముగ్గురాచార్యులును చెప్పిరి. వేయించిన ధాన్యపు పిండిని చల్లని నీటిలో కలిపిన మంథమను పానీయమును చరకుడు ప్రశంసించెను. అది మన పేలపిండియే. రాయలసీమలో రాగి అంబలి, తెలంగాణమున జొన్నగటక, జొన్న అంబలి, సర్కారు జిల్లాలలో తరవాణి, గంజి ఇదే జాతివి. తేలికగా నరిగి, నీటిని దేహములో నిలుపును. కల్లు సారాయములనుగూర్చి చరకుడు చెప్పినది కల్లుపాక దారి పట్టువారు వినదగును: ఈ ఋతువున మద్యము త్రాగనేరాదు, మానలేనివాడు కొంచెమే, మిక్కిలి నీరు కలిపి త్రాగవలెను.

మజ్జిగ విషయమున ఒక వివాదము గలదు. ఉష్ణకాలమున తక్రము ఈయరాదని సుశ్రుతుడు స్పష్టముగా నిషేధించియున్నాడు. దీనిని పట్టుకొని కొందరు వేసవిలో మజ్జిగ వేడిచేయునని వాదింతురు. మరి తెలుగువారందరు వేసవి యంతయు మజ్జిగ త్రాగుచునే యున్నారు గదా! 16వ శతాబ్దివాడగు భావమిశ్రుడు తన భావప్రకాశమున ఈ చిక్కు విప్పెను. చిలికిన పెరుగును ఆయన ఐదు విధములుగా విభజించెను. నీరు కలుపక మీగడతో చిలికినది ఘోలము, మీగడ తీసి చిలికినది మథితము, నాలవపాలు నీరు కలిపినది తక్రము, సగము నీరు కలిపినది ఉదశ్విత్తు, వెన్న తీసి మిక్కిలిగా నీరు పోసినది ఛచ్ఛిక. ఈ కడపటిది చల్లనిది, తేలికయైనది, దప్పికను బడలికను పిత్తమును హరించును. ఉప్పు చేర్చినచో అగ్నిని గూడ రగుల్చును. చేనుగట్టున మనము త్రాగు నీళ్ళమజ్జిగ ఇదియే. నిషేధము చిక్కని పుల్లని తక్రమునకు. ఒక గ్రంథమున ఒక వాక్యమును మాత్రమే చదివి వైద్యము చెప్పువారు ఊరూర నున్నారు గనుక ఈ సంగతి ఇంత విరివిగా వ్రాసితిమి.

ఉప్పు మాట మరియొకటి. గ్రీష్మమున ఉప్పు, పులుపు, కారము మానుమని చరకుడు చెప్పెను. నీడను కూర్చుండువానికి ఇది తగును. ఎండలో గట్టిపని చేయువాని దేహమునుండి గంటకు ఒక లీటరు వరకును, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు చెమట పోవును. చెమటతో ఉప్పు పోవును. అట్టివాడు ఉప్పు మాని వట్టి నీరే మిక్కిలిగా త్రాగినచో కండరములు కొంకర్లు పోవును, తల తిరుగును. కావున రైతు ఈ విధిని పాటింపరాదు. నీళ్ళమజ్జిగలో ఉప్పు వేసికొనవలెను. దాహము వేయువరకు ఆగక, పనిలో నున్నంతసేపు 20 నిమిషముల కొక గ్లాసుడు చొప్పున త్రాగుచుండవలెను. మజ్జిగ దొరకనిచోట కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలగొట్టిన 6 చిన్నచెంచాల పంచదారయు, తలగొట్టిన అరచెంచా ఉప్పును కలిపి త్రాగవచ్చును. రక్తపుపోటు, మూత్రపిండముల వ్యాధి గలవారు మాత్రము ఉప్పు విషయమున తమ వైద్యుని అడుగవలెను.

శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున సేద్యపు కూలీలలో మూత్రపిండములు చెడు వ్యాధి విస్తారముగా నున్న సంగతి చదువరు లెరుగుదురు. దాని కారణము ఇంకను నిర్ధారణ కాలేదు. మధ్య అమెరికాయందు చెరకు నరకు కూలీలకు వచ్చుచున్న ఇట్టి వ్యాధిని పరిశోధించినవారు మండుటెండలో కఠినశ్రమయు, చాలినంత నీరు త్రాగకుండుటయు అందులకు ముఖ్యకారణములలోనివని భావించుచున్నారు. చేనికి పోవునపుడు నీళ్ళకుండ మోయుటకు బద్ధకించువారు దీనిని తలచుకొనవలెను.

మాట తడబడుట, నడక తూలుట, సంబంధము లేని పలుకులు పలుకుట, వాంతి, స్పృహ తప్పుట వడదెబ్బ లక్షణములు. దేహపు వేడి 104 డిగ్రీలు దాటియుండును. చెమట ఆగిపోవచ్చును, పోయుచు నుండవచ్చును. చెమట పట్టియున్నది గనుక భయములేదని ఊరకుండరాదు. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, దేహమంతట నీళ్ళు కుమ్మరించుచు విసరవలెను. మెడమీదను, చంకలయందును, గజ్జలయందును తడిగుడ్డలు వేయవలెను. ఒకరు చల్లార్చుచుండగనే మరియొకరు 108కి చెప్పవలెను. తెలివి లేనివాని నోట నీరుగాని, మజ్జిగగాని, ఉల్లిరసముగాని పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. జేబులో ఉల్లిగడ్డ వేసికొన్నచో వడ తగలదనుకొనుట వట్టి భ్రమ. ఉల్లిని అంబలిలో నంజుకొనుట మేలు.

పని వేళలను మార్చుట ఒక్కనివలన కాదు. ఒక ఆసామి తెల్లవారుజామున పిలిచి, ప్రక్క ఆసామి తొమ్మిది గంటలకు పిలిచినచో కూలీల ముఠాలు కుదురవు. సంఘములో తీర్మానించి ఊరంతయు ఒకే వేళ పాటించినచో మాత్రమే ఇది సాగును. కృత్తిక రోహిణి కార్తెలలో తెల్లవారగనే ప్రారంభించి 10 గంటలకు విడుచుట, తిరిగి కావలసినచో 4 గంటలకు కూడుట, గట్టున తాటాకు పందిరియు కుండలును ఉంచుట సంఘము పూనుకొనదగిన పనులు. గ్రీష్మమున పగటినిద్ర పనికివచ్చునని శాస్త్రము అనుమతించినది. తక్కిన ఋతువులలో కూడదు. మధ్యాహ్నము చెట్టుక్రింద కునుకు తీయు కూలివానిని సోమరియనుట శాస్త్రవిరుద్ధము.

తొలకరి, ఊడ్పులు

వాన పడగనే ప్రాణము లేచివచ్చినట్లుండును గాని, శాస్త్రము ప్రకారము అప్పటికి బలము తిరిగి రాలేదు. అగ్నియో మరింత మందగించినది. ఇంటిలోని జనమంతయు జ్వరములు, విరేచనములు అని పడుకొనునది ఈ రెండు నెలలలోనే. పాతబియ్యము, పాత గోధుమలు, పప్పుకట్టు, చారు, శొంఠి మిరియములు చేరిన పదార్థములు వేడిగా తినవలెను. ఆషాఢమున మునగాకు తిను మన ఆచారము దీనికి అనుగుణముగనే యున్నది. ఉలవచారు గూడ మంచిదే. ఎద్దులకు ఉలవలు, మనుష్యునకు వానిని కాచిన కట్టు! ముసురుపట్టి ఈదురుగాలి కొట్టు దినములలో పులుపు, ఉప్పు, నూనె ఈ మూడును స్పష్టముగా తెలియునట్టి భోజనము చేయవలెనని చరకుడు చెప్పెను. ఎండకాలమున పెట్టి వానకాలమున తిను ఆవకాయలో ఈ మూడునుగాక వేరేమున్నవి? తొలి ఏకాదశినాడు పేలపిండి బెల్లముతో తినుట సరియే. దానిని వేసవిలోవలె నీళ్ళలో కలిపి త్రాగుట మాత్రము ఈ ఋతువున నిషేధము.

అన్నిటికంటె నీరు ముఖ్యము. ఏటినీరు త్రాగవలదు, కాచి చల్లార్చినదే త్రాగవలెనని శాస్త్రవిధి. వరదనీరు బావిలోనికి దిగినప్పుడు దానితో రోగక్రిములు దిగునని నేడు తెలియును గనుక ఈ విధికి బలము హెచ్చినది. ఊరిబావికి 1,000 లీటర్ల నీటికి రెండున్నర గ్రాముల చొప్పున మంచి బ్లీచింగు పౌడరును కలిపి, ఒక గంట తరువాత వాడుకొనవలెను. పొడి నిలువయున్నకొలది పస తగ్గును గనుక సంఘమువారు దానిని ఏటేట క్రొత్తగా తెప్పింపవలెను.

ఇక పాదములు. కాలినడక మానుమన్న శాస్త్రము రైతును మరచినదనుకొంటిమి. సుశ్రుతుడు క్షుద్రరోగములను ప్రకరణమున రైతు పాదములను దగ్గరనుండి చూచినట్లే వ్రాసెను. చెడిన బురద తగులుటచే కాలివ్రేళ్ళ సందులు నాని, దురద, మంట, నొప్పి గలుగుట అలసమని యొక రోగము. ఎక్కువగా నడచువానికి పాదములు పొడిబారి నెరియలు పడుట పాదదారి; అది మన కాలిపగుళ్ళు. రాళ్ళు, ముళ్ళు గ్రుచ్చుకొని గట్టిపడి గింజవలె నేర్పడునది కదరము. అది మన ఆనె. అలసమునకు పుల్లని కలితో కడిగి వేపయు త్రిఫలములును నూరి పట్టించుట, పగుళ్ళకు మైనము, నేయి మొదలగువానితో చేసిన లేపము పూయుట చికిత్సలు. మడినుండి లేచినతోడనే మంచినీటితో కడిగి, వ్రేళ్ళ సందులు పొడిగుడ్డతో ఒత్తి, నూనె రాచుకొని పడుకొన్నచో అలసము చాలవరకు రాదు. ఇది చిన్నపని. ఊడ్పుల దినములలో రాత్రి ఇంటికి వచ్చి వంట చేయవలసిన స్త్రీకి ఇంత తీరికయు దొరకదు. ఇంటివారు ఆమె చేతిలోని పని ఒకటి అందుకొన్నచో దొరకును.

ఈ పుండ్లను తేలికగా చూడకుండుటకు వేరొక కారణము గలదు. ఎలుకల మూత్రము కలిసిన మడినీటినుండి చర్మపు పగుళ్ళగుండ ఎలుకజ్వరము దేహములో ప్రవేశించును. తీవ్రజ్వరము, పిక్కల నొప్పి, కండ్లు ఎర్రబడుట, పిమ్మట పచ్చబడుట దాని గుర్తులు. ఇది మొదటి దినములలో వైద్యశాలయందు సూక్ష్మక్రిమి నాశకములగు మందులచే కుదురును. ఆలస్యమైనచో మూత్రపిండములను, కాలేయమును చెరచును. కండ్లు పచ్చబడినవని పసరు పోయించుకొనుచు ఊళ్ళు తిరిగి వారము గడపువారు ప్రాణము మీదికి తెచ్చుకొనుచున్నారు. పాముకాటును అంతే. కట్టు బిగించుటయు, కోసి నెత్తురు పిండుటయు పాత గ్రంథములలో నున్నను నేడు కూడదని తేలినది. కాటుపడిన అవయవమును కదలింపక, విషమునకు విరుగుడు సూదిమందు గల ఆసుపత్రికి తక్షణమే చేర్చవలెను. సాధ్యమేది, అసాధ్యమేది, తన చేతిలో నున్నదేది అని ముందుగా విచారించినవాడే వైద్యుడని చెప్పిన శాస్త్రమునకు ఇది విరుద్ధము గాదు.

శరత్తు, చలికాలము

శరత్తునుగూర్చి చెప్పవలసినది తక్కువ. వానలలో చేరిన పిత్తము ఎండ కాయగనే ప్రకోపించును గనుక చేదు, తీపి, వగరు గల తేలిక ఆహారము తినవలెను. పెరుగు, నూనెపదార్థములు తగ్గింపవలెను. కార్తికమున ఉసిరిచెట్టు నీడను వనభోజనములు చేయువారు ఉసిరికాయను గూడ భోజనములో చేర్చినచో సరి. ఈ ఋతువున విరేచనమును, రక్తమోక్షణమును, వసంతమున వమనమును శాస్త్రము విధించినది. అవి అనుభవజ్ఞుడైన వైద్యుని సమక్షమున చేయవలసినవి. పంచాంగము చూచి ఇంటిలో చేసికొనవలసినవి కావు. సంతలలో పేరులేని పొట్లములలో అమ్ము భస్మములు, సింధూరములు అంతకంటె ప్రమాదము. వానిలో సీసము, పాదరసము ఉండి మనుష్యులకు విషమెక్కిన సందర్భములు వైద్యులు పెక్కు నమోదు చేసిరి.

హేమంతమున పాలు, బెల్లము మొదలగు చెరకు పదార్థములు, నూనె, క్రొత్తబియ్యపు అన్నము, వేడినీరు సేవించువాని ఆయువు తగ్గదని చరకుని మాట. క్రొత్తబియ్యము, బెల్లము, నువ్వులు, నూనె కలిసినచో సంక్రాంతి అరిసెయే గదా. క్రొత్తబియ్యము బరువు; దానిని అరిగించు అగ్ని అప్పుడే యుండును. అదే బియ్యము వానకాలమునకు పాతదై తేలికయగును.

ఇచ్చటనే వైద్యశాస్త్రము మన సంఘపు పద్దులలోనికి వచ్చుచున్నది. వానకాలమున పాతబియ్యము తినుమన్న విధి గాదెలో ధాన్యమున్నవానికి మాత్రమే విధి. అప్పులవాని తొందరకు కళ్ళములోనే అమ్ముకొన్న రైతు పుష్యమున తక్కువ ధరకు ఇచ్చినదానిని ఆషాఢమున ఎక్కువ ధరకు కొని తినుచున్నాడు. బలము తక్కువై పని ఎక్కువైన నెలలలోనే తిండి గూడ తగ్గించుకొనుచున్నాడు. చౌకధరల దుకాణపు బియ్యము ఈ కష్టమును కొంత తీర్చినదిగాని, పప్పును, నూనెను, మజ్జిగను తీర్చలేదు. సంఘపు గిడ్డంగిలో ధాన్యమును నిలువయుంచి దానిమీద అప్పు తీసికొను వాడుక ఉన్నచోట్ల, సభ్యులు కోతల దినములలోనే ఒక లెక్క వేసికొనవలెను. ఐదుగురు గల కుటుంబమునకు మనిషికి దినమునకు 400 గ్రాముల చొప్పున 2 కిలోల బియ్యము కావలెను. ఆషాఢము మొదలు ఆశ్వయుజము వరకు 120 దినములకు 240 కిలోలు. నూరు కిలోల ధాన్యమునకు 66 కిలోల బియ్యము దిగునని కట్టినచో ఇందులకు సుమారు 365 కిలోల ధాన్యము, అనగా 75 కిలోల బస్తాలు ఐదు. ఈ ఐదు బస్తాలను తేమ నూటికి 14 పాళ్ళు మించకుండ ఆరబెట్టి, గిడ్డంగి చిట్టాలో అమ్మకపు సరకునుండి వేరుగా వ్రాయించి, తక్కిన ధాన్యమునకు మాత్రమే బేరము కుదుర్చుకొనవలెను.